లారీలో రాసుకున్న మూడు పేర్లు

చోరనూరు బడిలో టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అవి యాభైల చివరి సంవత్సరాలు. మా ఇల్లు బళ్ళారి కౌల్ బజార్‌లో. నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. వారమంతా చోరనూరులో ఒక రైతు కుటుంబం ఇంటి ముందుగదిలో అద్దెకు ఉండి, శనివారం బడి వదిలాక బస్సెక్కి ఇంటికి వెళ్లేదాన్ని. ఆ బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

ఒక శనివారం రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడ్డాను. బస్సు జాడ లేదు. ఎర్రదుమ్ము లేపుకుంటూ ఇనుపరాయి మోసే లారీ ఒకటి వచ్చి నా ముందు ఆగింది. డ్రైవరు పక్కన అతని భార్య కూర్చుని ఉంది. వాళ్ల ఇల్లు ఊరి బయట, బడికి పోయే దారిలోనే. చూపుల పరిచయమే తప్ప అంతవరకూ మాట్లాడింది లేదు.

“ఎక్కండి టీచరమ్మా. బస్సు చెడిపోయి సండూరు కాడే నిలిచిపోయిండాది. మేమూ బళ్ళారికే పోతాండాం,” అంది ఆమె, నాకు చోటిచ్చి జరుగుతూ.

ఆమె ఉంది కదా అనే ధైర్యంతో ఎక్కాను. లారీలో అద్దానికి పైన చెక్క మీద ఆంజనేయస్వామి పటం ఉంది. దాని పక్కన తెల్లరంగుతో మూడు మాటలు తెలుగులో రాసి ఉన్నాయి. ఏది కనిపించినా చదవడం నాకు అలవాటు. చదివాను. అర్థం కాలేదు. దేవుళ్ల పేర్లు కావు, ఊళ్ల పేర్లూ కావు. ఆ పేర్లు ఇక్కడ రాయను. రాయనా అని అడగడానికి ఇప్పుడు వాళ్లవైపు ఎవరూ లేరు.

“అవేం పేర్లన్నా?” అని అడిగాను.

డ్రైవరుకు నలభై దాటి ఉంటాయి. తక్కువ మాట్లాడే మనిషి. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “మావాళ్లవేనమ్మా,” అన్నాడు.

“మావాళ్లంట మావాళ్లు!” భార్య నవ్వింది. “అమెరికా సోల్జర్లమ్మా. నల్లోళ్లు. ఈయప్ప యుద్ధానికి పోయింటే ఆడ దోస్తీ అయినారంట. అందరూ ఆడే పోయినారు, పాపం.”

బళ్ళారి చేరేలోపు అతను కొంత చెప్పాడు. కరువు రోజుల్లో కూలీ దళంలో చేరాడట. తుపాకీ ఇవ్వలేదు, పార చేతికిచ్చారు. రైళ్లలో ఎక్కించి అస్సాం కొండల్లోకి తీసుకుపోయారు. అక్కడినుంచి బర్మా అడవి గుండా చైనా దాకా రోడ్డు వేయాలి. ఆ పనికి అమెరికా నుంచి వచ్చిన సైనికుల్లో ఎక్కువమంది నల్లవాళ్లే. బుల్‌డోజర్లు నడిపేది వాళ్లు, మట్టి ఎత్తేది మనవాళ్లు.

“నాకు బండి నేర్పిచ్చింది ఆయప్పే,” అంటూ ఆ మూడు పేర్లలో మొదటిదాన్ని గడ్డంతో చూపించాడు. “నా మాట ఆయప్పకు రాదు, ఆయప్ప మాట నాకు రాదు. నా చెయ్యి పట్టుకొని గేరు మీద పెడతాండె. తప్పు చేస్తే నవ్వుతాండె గానీ ఒక్క దెబ్బ కొట్టలేదమ్మా.”

“ఎట్లా పోయారు?”

“వాన్ల కాలంలో కొండ విరిగి పడింది,” అన్నాడు. అంతకుమించి ఆ రోజు చెప్పలేదు.

ఆ తర్వాత బస్సు రాని శనివారాల్లో ఆ లారీయే నాకు బస్సు అయింది. భార్య లేకుండా అతను ఒక్కసారి కూడా నన్ను ఎక్కించుకోలేదు. నాకోసమే ఆమె పనులు మానుకుని వచ్చిన రోజులు కూడా ఉన్నాయని చాలాకాలానికి తెలిసింది.

ఆ ఏడు పెద్దల అమావాస్య నాడు ఆమె నన్ను ఇంటికి పిలిచింది. నేను అద్దెకున్న ఇంటామె వద్దన్నట్టు చూసింది. “ఆ గేరికి పోతారా?” అంది. గేరి అంటే వాడ. నేను వినిపించుకోనట్టు నటించి వెళ్లాను. వాళ్లది ఒంటిగది ఇల్లు. ఎర్రమన్ను అలికి, గోడవార ఆకులు పరిచారు. రెండు ఆకులు అతని తల్లిదండ్రులకు. కాస్త ఎడంగా మరో మూడు. ఆ మూడింటిలో కారం లేదు. తెల్లన్నం, బెల్లం, నెయ్యి. ఒక్కొక్క ఆకు పక్కన ఒక బీడీ, ఇత్తడి గ్లాసులో పాలూ చక్కెరా లేని కాఫీ.

“వాళ్లు కారం తినరమ్మా,” అన్నాడు అతను, నేను అడగకముందే. “ఒకసారి మా కూడు తిని కండ్లల్లో నీళ్లు కార్చుకొన్యారు. అయినా మళ్లా మళ్లా వస్తాండ్రి, మాతోపాటు కూర్చునేకి. తెల్ల సోల్జర్లకు వేరే డేరాలు, వేరే క్యాంటీను. వీళ్లను ఆడికి రానీరు. మేమూ అంతే కదా, మమ్మల్నీ ఎవురూ రానీరు.”

“ప్రతి ఏడూ పెడతావా అన్నా?”

“పెడతాను. వాళ్ల దేశంలో పెట్టేటోళ్లు ఉండారో లేరో నాకేం ఎరుక? మాకైతే తిరిగొచ్చినాక ఒక మెడలు బిళ్లన్నా ఇచ్చినారు. వాళ్లను మూడు గుంతల్లో పెట్టి, మర్నాడు పొద్దున మిగిలినోళ్లను మళ్లా అదే రోడ్డు మీద పనికి దించినారు.”

నన్ను భోంచేయమన్నారు. ఆకలిగా లేదని చెప్పి ఒక అరటిపండు తీసుకున్నాను. ఆకలి ఉంది. ఆ ఇంట్లో అన్నం తినడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమెకు అది అర్థమైంది. ఇన్నేళ్లయినా ఆ అరటిపండు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాతి సోమవారం నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. “అన్నా, వాళ్ల ఇళ్లకు జాబు రాద్దామా?” అన్నాను.

“ఎవురికి రాస్తారు? ఊర్ల పేర్లు సరిగా తెలీవు. నాకు తెలిసేది నోటి మాటే,” అన్నాడు.

మొదటి మనిషి గురించి కొంచెం ఎక్కువ తెలుసు. అతను తన ఊరి పేరు రోజూ పలికేవాడట. ఆదివారాలు ఆ ఊరి చర్చిలో పాడేవాణ్నని చేతులతో, గొంతుతో చూపించేవాడట. తల్లి ఇతరుల బట్టలు ఉతికి పెంచిందని కూడా అలాగే చెప్పాడట, నీళ్లలో బట్ట పిండినట్టు అభినయించి.

“ఊరి పేరు చెప్పు.”

చెప్పాడు. అది విని ఇంగ్లీషులో ఆరు రకాలుగా రాసుకున్నాను. ఆ శనివారం బళ్ళారిలో నాన్న పాత అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను. అమెరికా దక్షిణభాగంలో, నా ఆరింటిలో నాలుగోదానికి దగ్గరగా ఉన్న పేరు ఒకటి కనిపించింది. వేలు పెట్టి నాన్నకు చూపించాను. “ఎవరికోసమమ్మా ఇదంతా?” అన్నాడాయన. చెప్పాను. కళ్లద్దాలు తుడుచుకుని నా ఇంగ్లీషు దిద్దడానికి పక్కన కూర్చున్నాడు.

ఇంటి చిరునామా లేదు కాబట్టి ఆ ఊళ్లోని నల్లవాళ్ల చర్చి పాస్టరుగారికి అని రాశాము. బర్మా రోడ్డు పనిలో చనిపోయిన ముగ్గురు సైనికులను ఇక్కడ ఒక మనిషి ప్రతి ఏడూ తలచుకుంటున్నాడని, వాళ్లలో ఒకడు ఈ పేరు గలవాడని, చర్చిలో పాడేవాడని, అతని తల్లి బట్టలు ఉతికేదని రాశాము. మిగతా ఇద్దరి పేర్లూ చేర్చాము. పేర్లు మటుకు మాకు వినిపించినట్టే రాశాము.

చలికాలం పోయింది. ఎండలు వచ్చాయి. అతను ఒక్కసారి కూడా “జవాబు వచ్చిందా?” అని అడగలేదు. భార్య మాత్రం బడి ముందునుంచి పోయేటప్పుడల్లా కళ్లతో అడిగేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

వానలు మొదలైన వారంలో బడికి ఒక కవరు వచ్చింది. హెడ్‌మాస్టరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, “ఏంది టీచర్, అమెరికా స్టాంపు? ఏమన్నా తకరారా?” అన్నాడు. తకరారేం లేదని చెప్పి అక్కడే విప్పాను. గీతల కాగితం మీద పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మొదటి వాక్యం చదవగానే తెలిసింది. రాసింది తల్లి.

సాయంత్రం వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. పాస్టరుగారు మా జాబు ఆదివారం చర్చిలో చదివారట. పేరు వినగానే ఆమె కూర్చున్నచోటే లేచి నిలబడిందట. ఆ పేరు కాగితాల మీది పేరు కాదు. వాడు పసివాడిగా ఉన్నప్పుడు తాను పెట్టిన ముద్దుపేరు. తమ ఇంట్లో తప్ప సైన్యంలో ఎవరికీ తెలియదు. ‘అది విన్నాక మీరు నా బిడ్డను నిజంగా ఎరుగుదురని నమ్మాను’ అని రాసింది.

“ముద్దుపేరా?” అతను ఆశ్చర్యపోయాడు. “ఆయప్ప అసలు పేరు నా నోరు తిరగల్యా. మీయమ్మ నిన్ను ఏమని పిలుస్తాది అని సైగ చేసి అడిగినా. ఇది చెప్పినాడు. అదే పేరనుకొన్యా ఇన్నేండ్లూ.”

ఆ తల్లి ఇంకా ఇలా రాసింది. సైన్యం నుంచి వచ్చిన కాగితంలో ‘ప్రమాదంలో మరణం’ అని తప్ప మరేమీ లేదు. యుద్ధం అయ్యాక శవపెట్టె వచ్చింది. తెరవవద్దన్నారు, తెరవలేదు. ఊళ్లో కోర్టు కచేరీ ముందు యుద్ధంలో పోయినవాళ్ల పేర్లతో రాయి నాటారు. అందులో నల్లవాళ్ల పేర్లు లేవు. తనకు మూడు సంగతులు తెలియాలి. బిడ్డ ఎలా పోయాడు? ఆ సమయంలో ఒంటరిగా ఉన్నాడా? పెట్టెలో వచ్చినది తన బిడ్డేనా?

రాయి సంగతి విన్నప్పుడు అతను తమ వాడ వైపు ఒకసారి చూసి, “వాళ్లూరూ మనూరు మాదిరే ఉండాదమ్మా,” అన్నాడు. తర్వాత లేచి వెళ్లి లారీ చక్రాలకు నీళ్లు కొట్టాడు. అప్పటికే వానకు తడిసి ఉన్నాయి అవి.

జవాబు రాయడానికి రెండు వారాలు నన్ను పిలవలేదు. మూడో ఆదివారం నేను బళ్ళారి పోకుండా ఆగి, పొద్దున్నే కాగితాలు తీసుకుని వెళ్లాను.

“అమ్మా, చెప్పల్నా?” అన్నాడు. “ఇది మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. ఆ తల్లి తట్టుకుంటాదా?”

“ఆమే అడిగింది కదన్నా.”

అతను నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. “పొద్దున కాఫీ తాగినాక అది. మూడు దినాలుగా వాన. వాళ్లు ముగ్గురూ బండి కాడ ఉండారు. కొండ కదిలింది. శబ్దం కూడా పెద్దగా రాలేదమ్మా, తడిగుడ్డ జారినట్ల జారింది. మేం పారలతో తోడినాం. పారలు తగుల్తాయేమో అని మళ్లా చేతుల్తో తోడినాం. నాకు ఒక చెయ్యి దొరికింది. మణికట్టు దాకా బయట ఉండాది. ఆయప్ప చెయ్యే. నాకు గేరు నేర్పిచ్చిన చెయ్యి, నాకు తెలీదా?”

నా కలం ఆగిపోయింది. అతను ఆగలేదు.

“పట్టుకొన్యా. పట్టుకుంటే ఒత్తినాడు. బతికే ఉండాడు. చుట్టూ మనుషులు తోడతానే ఉండారు, పైనుంచి మట్టి దిగతానే ఉండాది. నేను చెయ్యి విడువలేదు. ఇంగ్లీషు రాదు కదా, తెలుగులోనే మాట్లాడతాండ్య. వస్తాండాంలే, వస్తాండాంలే, ఓర్చుకో అని. నేను మాట్లాడినప్పుడల్లా ఒత్తుతాండె. మధ్యాన్నం దాకా ఒత్తినాడు. మళ్లా ఒత్తలేదు. అయినా సాయంత్రం బయటికి తీసేవరకూ నేను చెయ్యి విడువలేదు. నేనే మొగం కడిగినా.”

గుమ్మం దగ్గర భార్య నిలబడి విన్నది. పదహారేళ్ల కాపురంలో తనకు చెప్పని మాట అది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

కొంతసేపయ్యాక పెట్టె సంగతి అడిగాను. ‘అందులో ఉన్నది మీ బిడ్డే, అనుమానం వద్దు’ అని రాద్దామన్నాను.

“వద్దమ్మా. మేం పూడ్చేటప్పుడు మెడలో పేరుండే బిళ్ల ఉండె. కొయ్య మీద పేరు రాసి నాటినారు. అది నేను సూసినా. మళ్లా ఎవురు తవ్వినారో, యాడికి తీసుకపోయినారో నాకు తెలీదు. సూసినంతే రాయండి. ఒక్క అబద్ధం కలిపితే చెయ్యి సంగతి కూడా నమ్మదు ఆ తల్లి.”

చూసినంతే రాశాను. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. ఆ ఉత్తరం రాయడానికి సాయంత్రం దాకా పట్టింది. మధ్యలో ఆమె అన్నం పెట్టింది. జొన్నరొట్టె, గుంటగలగరాకు పప్పు. తిన్నాను. రెండో రొట్టె నేనే అడిగాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ తల్లి ఆ ఉత్తరాన్ని రోజూ చదువుకుంటోందట. ‘నా బిడ్డ చేతిని ఒకరు పట్టుకున్నారని తెలిశాక నాకు నిద్ర పడుతోంది’ అని రాసింది. తెలుగులో ‘వస్తాండాంలే’ అన్న మాట ఎలా పలకాలో అడిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపాము. ఫోటో కూడా పంపింది. పూల టోపీ పెట్టుకున్న పెద్దామె, కొడుకు కళ్లే అన్నాడు అతను. ఆకు మీద ఏం పెడతారో కూడా అడిగింది. మేం చెప్పాక ఒక సవరణ పంపింది. వాడికి చేదు కాఫీ పడదు, సైన్యంలో గతిలేక తాగి ఉంటాడు, చక్కెర బాగా వేయండి. ఇంకా, వాడికి చిలగడదుంపలంటే ప్రాణం. మా వైపు వాటిని గెనుసుగడ్డలంటారు.

“గెనుసుగడ్డలు!” భార్య చేతులు చరిచింది. “మన కాడ బండ్ల కొద్దీ పండుతాయి కదా. ఎన్నేండ్లు ఉపాసం పెట్టినామో, పాపం, ఆయప్పను.”

ఆ పాస్టరుగారు ఊరుకోలేదు. మా ఉత్తరంలోని రెండో పేరు పట్టుకుని ఎక్కడెక్కడికో రాసి, ఆ మనిషి అక్కను వేరే రాష్ట్రంలో కనుక్కున్నారు. ఆమె నాలుగు వాక్యాలు రాసింది. మూడో మనిషి మాత్రం దొరకలేదు. అతని పేరులో సగమే డ్రైవరన్నకు తెలుసు. ఆ సగంతో చాలాచోట్లకు రాశాను. ఎక్కడినుంచీ ఏమీ రాలేదు.

మూడేళ్ల తర్వాత నాకు సిరుగుప్ప తాలూకాకు, తుంగభద్ర ఒడ్డున ఉన్న కెంచనగుడ్డకు బదిలీ అయింది. అమెరికా ఉత్తరాలు అప్పటినుంచి అక్కడికి వచ్చేవి. నేను వాటిని తెలుగులో రాసి చోరనూరుకు పోస్టు చేసేదాన్ని. ఒకసారి కవరు మీద తల్లి పెన్సిలు అక్షరాలు లేవు. పాస్టరుగారు రాశారు. ఆమె పోయింది, నిద్రలోనే. చేతి సంగతి రాసిన ఉత్తరాన్ని బైబిలులో దాచుకుంది, దాన్ని ఆమెతోపాటే పెట్టెలో పెట్టాము అని రాశారు.

ఆ సంగతి చోరనూరుకు రాసి పంపాను. అయిదో రోజు పొద్దున బస్సులో భార్యాభర్తలిద్దరూ దిగారు. అతను నేరుగా నా దగ్గరికి వచ్చి అడిగాడు.

“టీచరమ్మా, మీరు సదువుకొన్యోరు. నేను గుండు చేపిచ్చుకోవచ్చునా? ఆ తల్లికి ఉండేది ఒక్కడే కొడుకు. ఆయప్ప ల్యాకపాయె. ఎవురో ఒకరు చేయల్ల కదా. నాకు హక్కు ఉండాదంటారా?”

నాకు ఏ శాస్త్రమూ తెలియదు. “ఉందన్నా,” అన్నాను.

ఏటి ఒడ్డుకు ముగ్గురం నడిచాము. నీళ్లు పలచగా పారుతున్నాయి. క్షవరం చేసే మనిషి కత్తి నూరుకుంటూ, “ఎవురు పోయినారప్పా?” అని అడిగాడు.

“మాయమ్మ,” అన్నాడు అతను.

“యా ఊర్లో?”

అతను నా వైపు చూశాడు. నేను ఆ ఊరి పేరు చెప్పాను. అది యాడుండాదని మంగలి అడగలేదు. తల తడిపి పని మొదలుపెట్టాడు. అది అయ్యాక డ్రైవరు ఏట్లో మునిగి, దోసిలితో మూడుసార్లు నీళ్లు వదిలాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో నాకు వినపడలేదు. భార్య ఒడ్డున పొడిపంచె పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం మా ఇంట్లో ముగ్గురం కలిసి తిన్నాము. ఊళ్లో కొందరు చూశారు. చూడనీ అనుకున్నాను. సాయంత్రం బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాడు పాస్టరుగారికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మాలో తల్లి పోతే కొడుకు తల గీయించుకుంటాడని, అది ఎందుకో, నీళ్లు వదలడం అంటే ఏమిటో వివరంగా రాశాను. చాలా పొడుగైంది. చదువుకుంటే పుస్తకంలో పాఠంలాగా అనిపించింది. చించేశాను. ఏటి ఒడ్డున జరిగింది జరిగినట్టు అయిదారు వాక్యాల్లో రాసి పంపాను. పాస్టరుగారు దాన్ని చర్చిలో చదివారట. అయిపోయాక ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని కాసేపు ఆగారట. ఎవరూ ఏమీ అడగలేదని, అందరూ లేచి నిలబడ్డారని రాశారు.